డెబ్బై ఒకటి

గంటన్నర ఆగి మళ్ళీ ఈసీజీ తీద్దామని చెప్పి డాక్టరు అర్షియా ఐసీయూ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది. గంటన్నర అంటే పన్నెండూ ఇరవై. సలోమి గోడ గడియారం చూసింది, అన్నకు ఇంజెక్షన్ ఇచ్చింది పదీ యాభైకి, గుండె రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డను కరిగించే మందు అది, చిన్న సీసాలో తెల్లటి పొడి, నీళ్ళు కలిపి ఒక్కసారే నరంలోకి తోసేస్తారు, ఆ తర్వాత మనుషులు చెయ్యగలిగింది ఏమీ లేదు, కరిగితే కరుగుతుంది, కరగకపోతే కామారెడ్డి నుంచి హైదరాబాదు తీసుకుపోవాలి. కాగితం మీద పైకి లేచి నిలబడ్డ గీత సగానికన్నా కిందికి దిగాలని డాక్టరమ్మ వేలితో చూపించింది. పక్కన వదిన అనిల బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూచుని, కొంగు తల మీదికి లాక్కుని, పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. సలోమి కూడా కళ్ళు మూసుకుంది గానీ మొదటి మాట దాటి ముందుకు పోలేకపోయింది, రెండో మాట రావలసిన చోట డెబ్బై ఒకటి అన్న అంకె వచ్చి నిలబడింది, కళ్ళు తెరిచింది, పదకొండూ అయిదు, గడియారంలో సెకన్ల ముల్లు ప్రతి అంకె దగ్గరా కాస్త వెనక్కి తగ్గి మళ్ళీ ముందుకు దూకుతోంది.

నేరుగా దవాఖానకు పోయి ఉంటే. ఎల్లారెడ్డిలో అన్న మోటారు రిపేరు దుకాణానికి సర్కారు దవాఖాన ఎంత దూరం, నడిచినా అయిదు నిమిషాలు, అన్న అబ్రాహాము అక్కడికి పోలేదు, కాలిపోయిన బోరు మోటారులోంచి పాత తీగ పీకుతూ పీకుతూ చెమటలు పోసి, దవడ గుంజి, దుకాణం షట్టరు సగం దించి, దవాఖానకు అవతలి దిక్కున ఉన్న తన చెల్లెలి ల్యాబుకు నడుచుకుంటూ వచ్చాడు. అప్పుడు తొమ్మిదింటికి అయిదు నిమిషాలు తక్కువ. పరగడుపు రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు వరసగా కుర్చీల్లో కూచుని ఉన్నారు. "సలోమీ, జర నా రక్తం సూడు, ఏందో మంచిగ లేదు," అని తనకు అలవాటైన కుర్చీలో కూచుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. పన్నెండేళ్ళుగా అదే కుర్చీ, అదే ఎడమ చెయ్యి, ఏటా ఫిబ్రవరిలో ఒకసారి. సలోమి రబ్బరు పట్టీ అందుకుని కట్టింది కూడా, మోచేతి వంపులో నరం కోసం వేలితో తట్టింది, చర్మం చల్లగా తగిలింది, తడిగా తగిలింది, అప్పుడు గాని తలెత్తి మొహం చూడలేదు. మొహం ముందు చూడాలి కదా, మనిషి వచ్చినప్పుడు మొహం చూస్తారు, తను మాత్రం చేతులు చూస్తుంది, ఇన్నేళ్ళలో ఊరి వాళ్ళందరినీ చేతులతో గుర్తుపట్టడం నేర్చుకుంది. మొహం బూడిద రంగులో ఉంది. పట్టీ విప్పి, ఆటో పిలిచి, దవాఖానలో ఈసీజీ తీయించి, 108 వచ్చేసరికి తొమ్మిదీ నలభై. ఆ నడిచిన దారి, ఆ కూచున్న కుర్చీ, ఆ కట్టిన పట్టీ, అన్నీ కలిపి పాతిక నిమిషాలు. గుండె కండకు పాతిక నిమిషాలంటే ఎంతో ఆమె చదువుకుంది. చదువుకోకపోయినా బాగుండేది.

దారి పొడుగునా మక్కలు. కోతలైపోయి రోడ్డు మీద సగం దాకా మక్కజొన్న గింజలు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చారు రైతులు, అంబులెన్సు మాటిమాటికీ నెమ్మదిస్తుంటే సలోమి లోపల కూచుని డ్రైవరును తిట్టలేక, రైతులను తిట్టలేక, అన్న చెప్పుల్లేని పాదాలు పట్టుకుని కూచుంది. లింగంపేట వచ్చిందని కిటికీలోంచి చూడకుండానే తెలిసింది, పుట్టిన ఊరు, బండి వంపు తిరగడంలోనే తెలిసిపోతుంది. అబ్రాహాముకు కూడా తెలిసినట్టుంది, ఆక్సిజన్ మాస్కు కింద పెదవులు కదిలాయి, ఏమన్నాడో వినబడలేదు, బాపు అన్నాడేమో. బాపు, వాళ్ళ తండ్రి ప్రభుదాసు, పోయింది ఆ ఊరి బస్టాండులోనే, నలభై తొమ్మిదేళ్ళకు, గ్యాసు పట్టిందని సోడా తాగి, సీసా కింద పెట్టి, దాని పక్కనే కూలబడ్డాడు. అప్పటికి సలోమికి తొమ్మిదేళ్ళు, అన్నకు ఇరవై. అవ్వ, వాళ్ళ తల్లి ఈరవ్వ, ఒళ్ళో బీడీల చేట పెట్టుకుని ఉంది, వార్త తెచ్చినవాళ్ళు వాకిట్లో నిలబడి ఉంటే, చేతిలో సగం చుట్టిన బీడీని పూర్తిగా చుట్టి, దారం కట్టి, కట్టలో పెట్టి అప్పుడు లేచింది. బాప్తిస్మం తీసుకున్నా అవ్వ పేరు మార్చుకోలేదు, ఏడుపు కూడా పాత ఏడుపే ఏడ్చింది, రాగం తీసి. అన్న ఏడవలేదు. అన్నకు ఆ రోజు నుంచి భయం పట్టుకుంది. ఛాతీలో చీమ కుట్టినా చెయ్యి పెట్టుకునేవాడు, బీడీ ముట్టలేదు, తాగలేదు, మెట్లెక్కి ఆయాసం వస్తే ఆగి నాడి చూసుకునేవాడు. సలోమిని ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేర్పించింది కూడా ఆ భయమేనేమో, ఇంట్లో ఒకరికి రక్తం చదవడం వస్తే మంచిదని. నలభై తొమ్మిది దాటిన రోజున ల్యాబుకు పొట్లాం నిండా జిలేబీ పట్టుకొచ్చి, "ఇయ్యాలటి సంది నేను బాపు కంటె పెద్దోన్ని," అని చిన్నపిల్లవాడిలా నవ్వాడు. మూడేళ్ళయింది.

పదకొండూ ఇరవై. లోపలినుంచి ఏదో మిషను కూత, ఆగింది, అన్నది కాదేమో, ఎవరిదైనా ఎవరో ఒకరిదే. నర్సు ఒకతె బయటికి వచ్చి వాళ్ళవైపు చూడకుండా దాటిపోయింది, చూడకపోతే మంచిదా, చూస్తే మంచిదా, తను కూడా ల్యాబులో చెడ్డ రిపోర్టు ఇచ్చేటప్పుడు మనిషి వైపు చూడదు. మంచి రిపోర్టు అయితే పిలిచి మరీ చెబుతుంది. ఈ ఫిబ్రవరిలో అన్నది అట్లాగే పిలిచి చెప్పింది. ఎల్లారెడ్డి చుట్టుపక్కల మగవాళ్ళ రక్తంలో హెచ్‌డీఎల్ ముప్పై రెండు, ముప్పై అయిదు, మహా అయితే నలభై, ఆ నలభై రావడమే గగనం, అలాంటిది మిషను మీద డెబ్బై ఒకటి అని వచ్చేసరికి నమ్మలేక మళ్ళీ చేసింది. మళ్ళీ డెబ్బై ఒకటి. మంచి కొవ్వు. కోర్సులో చేరిన కొత్తలో సారు బోర్డు మీద గొట్టం గీసి చెప్పిన పాఠం, గొట్టం గోడలకు పేరుకున్న చెత్తను ఎత్తుకుపోయి కాలేయంలో పారేసి వచ్చే బండి ఇది, దీన్ని హెచ్‌డీఎల్ అంటారు, ఎంత ఎక్కువుంటే అంత మంచిది. ఎంత ఎక్కువుంటే అంత. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న వాక్యం. తన రక్తంలో అది ముప్పై ఏడే, "మంచిదంత నువ్వే తీసుకున్నవ్ గదన్నా, నాకేం మిగల్చలె," అని వేళాకోళం చేసింది, అబ్రాహాము ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చూపించాడు. అదే కాగితం మీద, దానికి ఒక వరస కింద, చెడ్డ కొవ్వు నూట అరవై ఎనిమిది అని కూడా ఉంది. ఆ వరస ఎవరూ చూపించలేదు, ఎవరూ చూడలేదు. చూసినవాడు ఎల్లారెడ్డిలో ఒక్క డాక్టరు, ఆయనే తండ్రి సంగతి అడిగి, రాత్రి పడుకునే ముందు ఒకటి వేసుకోమని కొవ్వు తగ్గించే గోలీ రాశాడు.

"మంచిగ మింగుతుండె," అంది అనిల ఉన్నట్టుండి. ప్రార్థన ఎప్పుడు ఆపిందో సలోమికి తెలియలేదు. "రెండు నెల్లు ఒక్క దినం తప్పలె. కాళ్ళు గుంజుతున్నయంటె నేనే నూనె రాసిన గాని మానొద్దన్న. గా ఎండకాలం ఎవలో జెప్పిండ్రట, గోలీలు నీకు అక్కెర లేదని. గప్పటి సంది మానిండు."

సలోమి వదిన వైపు తిరిగింది. "ఎవలట?"

"ఎన్ని తీర్ల అడిగిన. పేరు జెప్పలె. ఎవలైతె ఏంది, తెలిసినోళ్ళు జెప్పిండ్రు పో, అన్నడు." అనిల కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గా మనిషి దొరికితె అడుగుత. నువ్వేమన్న డాక్టరువా అని అడుగుత."

ఏప్రిల్. కరెంటు పోయి వచ్చి పోతున్న పొద్దున, మిషను మళ్ళీ మళ్ళీ ఆగి మొదలవుతుంటే, వాకిలి దాకా జనం, చంటిపిల్లకు నరం దొరక్క మూడోసారి సూది గుచ్చి తల్లి చేత మాట పడుతున్న సమయాన అబ్రాహాము తలుపు దగ్గర నిలబడి అడిగాడు, కాళ్ళు బాగా గుంజుతున్నయ్ చెల్లె, మోటరు లేపుతుంటె పిక్కలు పట్టేస్తున్నయ్, గోలీ కొన్ని దినాలు ఆపితె ఏమైతది. సలోమి తల తిప్పలేదు. పిల్ల చెయ్యి పట్టుకునే ఉంది. "నీకేమైతదన్నా, మంచి కొవ్వు డెబ్బై ఒకటి ఉన్నోనికి. ఆపి సూడు," అంది. అంతే. ఎన్ని మాటలు, వేళ్ళ మీద ఎంచితే పది కూడా లేవు. డాక్టరుకు చెప్పు, గోలీ మార్చి ఇస్తాడు, అనడానికీ అన్నే మాటలు పట్టేవి, అదే సమయం పట్టేది, మరి ఆ మాటలు ఎందుకు రాలేదు. జనం వల్లనా, చంటిపిల్ల వల్లనా, కాదు, ఊరికే అనుకోవడం, ఆమెకు ఆ అంకె మీద గర్వం ఉంది, తన మిషను మీద వచ్చిన అంకె, తన చేతితో రెండుసార్లు చేసిన అంకె, తన అన్న ఒంట్లోది. అది కూడా పోనీ, పనిలో పడి నోరు జారింది అనుకోవచ్చు. ఆగస్టులో? ఆగస్టులో అన్న ఇంటికి పోతే, టీవీ పక్కన గోలీల అట్ట దుమ్ము పట్టి కనిపించింది, నాలుగు గోలీలు వాడి మిగతావి వాడని అట్ట, సలోమి దాన్ని చేతిలోకి తీసుకుని తేదీ చూసింది, చూసి ఉన్నచోటే పెట్టేసింది. మళ్ళీ మొదలు పెట్టన్నా అంటే, అప్పుడు వద్దని ఇప్పుడెందుకు అంటున్నవ్ అని అడుగుతాడని. చెల్లెలి మాట తప్పయిందని వదిన ముందు ఒప్పుకోవలసి వస్తుందని. అంత చిన్న సంగతికి. వదిన చాయ్ తెచ్చి ఇచ్చింది, తాగింది, చాయ్ బాగుందని కూడా అంది.

పదకొండూ యాభై అయిదుకు డాక్టరు అర్షియా ఎవరో పేషెంటు ఫైలు కోసం బయటికి వచ్చింది, ముప్పై కూడా దాటని పిల్ల, కళ్ళ కింద నల్లటి చారలు. సలోమి లేచి వెంటపడింది, వదినకు వినబడనంత దూరం పోయాక అడిగింది.

"మేడం, ఫిబ్రవరిల చూసినప్పుడు మా అన్నకు హెచ్‌డీఎల్ డెబ్బై ఒకటి ఉండె. గంతున్నోనికి ఎట్లొచ్చింది మేడం?"

డాక్టరు ఫైలు మూసింది. "మీరు ల్యాబుల చేస్తరు కదా. తక్కువుంటె ప్రమాదం ఎక్కువని తెలుసు. అట్లని ఎక్కువుంటె ప్రమాదం లేదని గాదు. దాన్ని పెంచే మందులు కనిపెట్టి వేల మందికి ఇచ్చి చూసిండ్రు, అంకె అయితె పెరిగింది, గుండెపోట్లు మాత్రం తగ్గలె. మనం కొలిచేది ఎంత ఉన్నదని. అది లోపల పని చేస్తున్నదా లేదా మన మిషను చెప్పది. చెడ్డది, మీ వదిన చూపిన పాత రిపోర్టుల నూట అరవై ఎనిమిది ఉన్నది, నాయన నలభై తొమ్మిదికే పోయిండని, గోలీ మానిండని గూడ చెప్పింది, ఇగ చూడాల్సింది అది. గోలీ ఆపకుండ ఉంటె..." అని, సలోమి మొహం చూసి, ఆ మాట అక్కడ వదిలేసింది. "వాడినా వచ్చేదేమో. చెప్పలేం. ఇప్పుడది ఆలోచించకండి."

ఆలోచించకండి అంటే ఆగేదా. బల్ల దగ్గరికి తిరిగి వస్తుంటే ఆ గోడ, ఆ తలుపు, ఆ నీళ్ళ డబ్బా, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఎన్ని వందల మందికి చెప్పి ఉంటుంది ఈ పన్నెండేళ్ళలో, నీకు మంచిది బాగున్నది, ఫికరు లేదు. రామారెడ్డి ఊరి నుంచి వచ్చిన ఆ టీచరమ్మకు, మసీదు వెనకాల కిరాణం నడిపే వజీర్ భాయికి, ఆయన ఎంత సంతోషపడి పోయాడు, వాళ్ళంతా ఇప్పుడు ఎట్లా ఉన్నారో, ఎవరు గోలీ ఆపారో, ఎవరిని అడగాలి, ఇల్లిల్లూ తిరిగి అడగాలా. అంకె అబద్ధం చెప్పలేదు. మిషను అబద్ధం చెప్పలేదు. తనకు తెలిసింది సగం, ఆ సగాన్ని మొత్తం అన్నట్టుగా చెప్పింది, అన్న ఆ సగం మీద ఒళ్ళు మొత్తం వదిలేశాడు. దేవుడా, గీత దించు. గీత దించితే ఏం చేస్తానో చెప్పలేను, నా దగ్గర ఇవ్వడానికి ఏముంది, సూదులు, సీసాలు, నా ముప్పై ఏడు. పన్నెండూ పది. పన్నెండూ పన్నెండు. అనిల ఆమె చెయ్యి పట్టుకుంది, చల్లటి చెయ్యి, ఆ పట్టును సలోమి విడిపించుకోలేక, అందులో ఉండలేక, ఉంది.

పన్నెండూ ఇరవై అయిదుకు ఒక్కరు రమ్మన్నారు. నువ్వే పో, నీకైతె అర్థమైతది, అంది వదిన. కొత్త ఈసీజీ కాగితం డాక్టరు చేతిలో ఉంది, సలోమి దూరం నుంచే చూసింది, గీత దిగింది, దిగింది గానీ సగానికి దిగలేదు, పాత కాగితం పక్కన పెడితే వేలి మందం తేడా. హైదరాబాదుకు మాట్లాడాను, బండి సిద్ధమవుతోంది, అక్కడ తీగ పంపించి అడ్డు తీస్తారు అని డాక్టరు చెబుతుంటే తలూపింది. మంచం మీద అబ్రాహాము కళ్ళు తెరిచే ఉన్నాడు. ఛాతీ నిండా వైర్లు, కుడి చేతి గోళ్ళ సందుల్లో వార్నిష్ నలుపు అట్లాగే ఉంది.

"ఇక్కడ గూడ రక్తం తీసిండ్రు," అన్నాడు మెల్లగా. "మంచిది ఎంతున్నదట?"

రిపోర్టు మంచం కాళ్ళ దగ్గర క్లిప్పుకు ఉంది. "అరవై ఎనిమిది," అంది సలోమి.

"మంచిదే ఉన్నది గదా మరి." నిందించడం లేదు, నిజంగానే అడుగుతున్నాడు, మోటారులో అన్నీ సరిగ్గా ఉండి తిరక్కపోతే ఎట్లా అడుగుతాడో అట్లా.

"అది ఉన్నా వస్తదటన్నా. నాకు సగమే ఎర్క. తెల్వని సగం గూడ తెలిసినట్టు జెప్పిన నీకు. గోలీలు ఆపమన్న."

అబ్రాహాము చూపు పైకప్పుకు తిప్పాడు. తెర మీద గుండె కొట్టుకోవడం ఎనభై ఎనిమిది, తొంభై ఒకటి, ఎనభై తొమ్మిది. "మీ వదినకు జెప్పకు," అన్నాడు.

బండిలో పేషెంటు వెంట ఒక్కరే అన్నారు. అనిల ఎక్కింది. ఎక్కి, తలుపు మూసేలోగా వంగి సలోమి తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు లేకుంటె నేను ఏం జేద్దునే," అంది. సలోమి నోరు తెరిచింది. వార్డుబాయ్ తలుపు వేసేశాడు.

తర్వాత ఆమె ఎల్లారెడ్డి బస్సు ఎక్కలేదు, హైదరాబాదు బస్సు ఎక్కలేదు. మళ్ళీ అదే బల్ల మీద వచ్చి కూచుంది. ఎవరో ముసలాయనను తెచ్చినవాళ్ళు పక్కన సర్దుకున్నారు, ఏమైంది మీవాళ్ళకు అని అడిగారు, గుండెపోటు అంది, మాకూ అదే అన్నారు. బండి ఇప్పుడు రామాయంపేట దాటి ఉంటుంది, ఇప్పుడు తూప్రాన్, ఇప్పుడు ఊళ్ళోకి వచ్చి ట్రాఫిక్‌లో చిక్కుకుని ఉంటుంది, ఆమె మనసు బండి వెనకాలే పోయి పోయి ఏదో ఒక సిగ్నలు దగ్గర తప్పిపోయి మళ్ళీ ఈ బల్ల మీదికే వచ్చి పడుతోంది. ల్యాబు నుంచి నాలుగుసార్లు ఫోన్ వచ్చింది, ఎత్తలేదు. అయిదింటికి వదిన ఫోన్ వచ్చింది.

"స్టెంటు ఏసిండ్రు సలోమీ. పానం ఉన్నది. మాట్లాడుతున్నడు." అనిల ఏడుస్తూ నవ్వుతోంది. "గుండె కండ కొంత సచ్చిపోయిందట, అది మళ్ళ రాదట. బరువులు లేపొద్దన్నరు. గా మోటర్లు ఎట్ల లేపుతడిగ... ఆఁ, ఉండు, ఇక్కడి డాక్టరు ఏదో రాసుకుంటున్నడు. గోలీలు ఏ నెల ఆపిండు, ఎందుకు ఆపిండు అని అడుగుతున్నడు. మీ అన్న మొకం అటు తిప్పుకుంటున్నడు, చెప్తలేడు. నీకేమన్న ఎర్కనా?"

సలోమి లేచి నిలబడింది. ఎందుకు నిలబడిందో తెలియదు. పక్కవాళ్ళు ఆమె వైపు చూస్తున్నారు.

"ఏప్రిల్ల," అంది. "నేనే ఆపమన్న వదినా."

అవతల ఎవరివో అడుగుల చప్పుడు, ట్రాలీ చక్రాల చప్పుడు, ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్న గొంతు. అనిల ఊపిరి మాత్రం వినబడుతోంది. సలోమి ఫోను చెవికి ఆనించి అట్లాగే నిలబడింది. ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టెయ్యలేదు.